మనం అడిగే ప్రశ్నల గురించి: విశాఖపట్నం ఇంటర్నల్ కమిటీలకు బహిరంగ లేఖ

విశాఖపట్నంలోని కర్మాగారాలు, బ్యాంకులు, ఆసుపత్రులు, కళాశాలలు, సాఫ్ట్‌వేర్ కంపెనీలలో లైంగిక వేధింపుల ఫిర్యాదులను విచారించే ఇంటర్నల్ కమిటీల అధ్యక్షురాళ్లకు, సభ్యులకు

నమస్కారం.

కొన్ని నెలల కిందట మధురవాడ వైపున్న ఒక కార్యాలయంలో కొత్తగా చేరిన ఉద్యోగులకు పోష్ చట్టం (పనిచేసే చోట మహిళల మీద లైంగిక వేధింపుల నివారణ చట్టం) గురించి చెప్పడానికి వెళ్లాను. 'విశాఖ తీర్పు' అన్న మాట నా నోట రాగానే వెనక వరుసలో కూర్చున్న ఒక అబ్బాయి చెయ్యెత్తి, "ఆ కేసు మన వైజాగ్‌లోనే జరిగిందా మేడమ్?" అని అడిగాడు. కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఇదే సందేహాన్ని మన ఊళ్లో కమిటీలో మూడేళ్లు కూర్చుని దిగిపోయిన ఒక సభ్యుడి నోట కూడా విన్నాను. పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి మార్గదర్శకాలు పెడుతూ 1997 ఆగస్టు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పుకు మన ఊరితో ఏ సంబంధమూ లేదు. పిటిషన్ వేసిన సంస్థల్లో ఒకటైన రాజస్థాన్ మహిళా సంస్థ పేరు విశాఖ కావడం వల్ల ఆ పేరు వచ్చింది, అంతే. అయినా మన ఊరి పేరున్న తీర్పు కాబట్టి దాని పుట్టుక ఏమిటో మనకు మిగతావారికంటే కాస్త ఎక్కువే తెలిసి ఉండాలని నాకనిపిస్తుంది.

రాజస్థాన్‌లోని భటేరి గ్రామంలో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమం కింద 'సాథిన్'గా పనిచేస్తున్న భంవరీ దేవి, ఒక పసిపిల్ల పెళ్లిని ఆపబోయినందుకు 1992 సెప్టెంబరులో సామూహిక అత్యాచారానికి గురయ్యారు. బాల్యవివాహాలను ఆపడం ఆమె ఉద్యోగంలో భాగం. ఆ ఉద్యోగం సక్రమంగా చేసినందుకే ఆమె మీద దాడి జరిగింది. ఆ దాడి నేపథ్యంలోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది, విశాఖ తీర్పు వచ్చింది. 1995లో కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెడుతూ చెప్పిన కారణాలు దేశమంతటా చర్చకు వచ్చాయి. అగ్రకులంవారు తక్కువ కులం స్త్రీని ముట్టుకోరనీ, వయసు మళ్లినవారు అటువంటి పనికి ఒడిగట్టరనీ, కట్టుకున్న భార్యకు కళ్లెదుటే అన్యాయం జరుగుతుంటే ఏ భర్తా చూస్తూ ఊరుకోడనీ ఆ తర్కం సాగింది. వీటిలో ఒక్కటీ సాక్ష్యం కాదు. పెద్దమనిషి ఇలా ఉంటాడు, మొగుడు ఇలా ఉంటాడు, ఫలానా కులం వాడు ఇలా ఉంటాడు అని ముందే పోసి పెట్టుకున్న మూసలు మాత్రమే. జరిగినదాన్ని ఆ మూసల్లో పోసి చూశారు. పట్టలేదు కనుక జరగలేదన్నారు.

ఇప్పుడు మన చేతిలో 2013 నాటి పోష్ చట్టం ఉంది, మన ప్రతి సంస్థలోనూ కమిటీ ఉంది, గోడ మీద నోటీసు ఉంది. భటేరి తర్కం మాత్రం పోలేదు. అది మన కమిటీ గదుల్లో, చల్లటి ఏసీలో, టీ బిస్కట్ల మధ్య ఎంతో మర్యాదగా, చాలాసార్లు సానుభూతి రూపంలో సాగుతూనే ఉంది. దాని గురించే ఈ లేఖ.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో మూడేళ్లు కార్యాలయ కమిటీకి అధ్యక్షురాలిగా ఉన్నాను. ఆ తరువాత ఈ నగరంలోనూ చుట్టుపక్కలా కొన్ని సంస్థల కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చుంటున్నాను. ఫిర్యాదుదారు, ప్రతివాది, సాక్షుల వివరాలు బయటపెట్టరాదని చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది కనుక ఏ సంస్థ పేరూ రాయడం లేదు, మనుషుల్ని గుర్తుపట్టగల ఆనవాళ్లనూ మార్చాను. ఎవరినో వేలెత్తి చూపడానికి కూర్చోలేదు కూడా. చూపవలసి వస్తే మొదట నావైపే చూపుకోవాలి.

ముందు మాటతోనే మొదలుపెడతాను. మనం 'వేధింపు' అంటున్నాం. తెలుగులో వేధించడమంటే విడవకుండా సతాయించడం. అప్పులవాడు వేధిస్తాడు, అత్త కోడల్ని వేధిస్తుంది, పిల్లవాడు బొమ్మ కోసం తల్లిని వేధిస్తాడు. ఒక్కసారి జరిగినదాన్ని వేధింపు అనడం మనకు అలవాటు లేదు. అందువల్లనే నేను కూర్చున్న కమిటీల్లో చదువుకున్నవారు, అనుభవం ఉన్నవారు కూడా "ఒక్కసారే కదా మేడమ్, వేధింపు ఎలా అవుతుంది?" అని అమాయకంగానే అడిగారు. చట్టం 2(ఎన్) నిర్వచనంలో చెప్పిన పనులు ఇవి: ఒంటి మీద చెయ్యి వేయడం లేదా అందుకు ప్రయత్నించడం, లైంగికమైన కోరిక తీర్చమని అడగడం, లైంగిక ధోరణిలో మాట్లాడటం, అశ్లీల దృశ్యాలు చూపించడం, ఇంకా ఆ స్వభావం గల ఏ ఇతర చేష్ట అయినా, మాట అయినా, సైగ అయినా. వీటిలో ఏ ఒక్కటి జరిగినా చాలు, ఇన్నిసార్లు జరగాలన్న లెక్క లేదు. అన్నిటికీ కలిపి చట్టం పెట్టిన గీటురాయి ఒక్కటే, ఆ పని ఆమెకు ఇష్టం లేనిదై ఉండటం. ఆమె ఆ సెక్షన్‌లో అందరితో నవ్వుతూ మాట్లాడుతుందా, ఆఫీసు పిక్నిక్‌లో డాన్సు చేసిందా, ప్రతివాదితో అంతకుముందు నాలుగుసార్లు కాఫీకి వెళ్లిందా అన్నవి ఆ ఇష్టానికి కొలతలు కావు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన విచారణలలో దుస్తుల గురించిన ప్రశ్న ఈ మధ్య కొంత తగ్గింది. అడగకూడదని అందరికీ తెలిసింది కనుక తగ్గింది. దాని స్థానంలో నిలబడి ఉన్న ప్రశ్న వేరే ఉంది, అది ఎవరికీ తప్పుగా తోచదు కూడా. "మీ ఆయనకు తెలుసా?"

ఆ ప్రశ్న నేను అడిగాను. అధ్యక్షురాలిగా నాకు వచ్చిన మొదటి ఫిర్యాదు అది. ఆమె కౌంటర్‌లో పనిచేసేది, పెళ్లయి రెండేళ్లు. కాగితం నా చేతికిచ్చి, గ్లాసుడు మంచినీళ్లు తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి దాని అంచున ఉన్న తడిని వేలితో మెల్లగా తుడుస్తూ కూర్చుంది. రెండు పేజీలు, గుండ్రటి చేతిరాత, తేదీలు వరుసగా ఉన్నాయి. సాయంత్రం క్యాష్ సరిచూసే వేళ లాకర్ గది దగ్గర ఏం జరిగిందో, రెండోసారి ఏం జరిగిందో, అప్పుడు అక్కడ ఎవరున్నారో స్పష్టంగా రాసింది. కమిటీ అధ్యక్షురాలు అడగవలసినవన్నీ ఆ కాగితంలోనే ఉన్నాయి. నేను కాగితం మడిచి, తల్లిలాంటి దాన్నన్న ధోరణిలో, "మీ ఆయనకు తెలుసామ్మా?" అన్నాను. ఆమె వేలు గ్లాసు అంచు మీద ఆగిపోయింది. "తెలీదు మేడమ్" అంది. "ముందు ఇంట్లో చెప్పుకో తల్లీ, రేపు ఆయనకు వేరే దారిలో తెలిస్తే బాగుండదు" అన్నాను. నాలుగో రోజున ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఇంకో కాగితం తెచ్చి ఇచ్చింది. ఫిర్యాదుదారు తన ఫిర్యాదును స్వచ్ఛందంగా ఉపసంహరించుకున్నారని మినిట్స్‌లో రాయించాను. 'స్వచ్ఛందంగా' అన్న మాట కూడా నేను చెప్పి రాయించిందే.

ఆ ప్రశ్న ఏం చేస్తుందో అర్థం కావడానికి నాకు ఏళ్లు పట్టింది. భర్తకు చెప్పానంటే, ఆయన ఒత్తిడి మీద ఈ ఫిర్యాదు పెట్టిందేమోనని అనుమానం మొదలవుతుంది. చెప్పలేదంటే, ఎందుకు దాచింది, ఇద్దరి మధ్యా ఏదో ఉండి ఉంటుందన్న ఊహకు తావిస్తుంది. ఎటు చెప్పినా విచారణ ఆమె ఇంటి గుమ్మం దాటి లోపలికి వెళ్లిపోతుంది. లాకర్ గది దగ్గర నిలబడ్డ మనిషి హాయిగా పక్కకు తప్పుకుంటాడు. పెళ్లికాని అమ్మాయి అయితే "మీ నాన్నగారికి తెలుసా?" అవుతుంది, భర్త పోయినామె, విడిగా ఉంటున్నామె అయితే "ఒక్కరే ఉంటారా?" అవుతుంది, ఆ చివరి ప్రశ్నలో ఎంత అర్థం ఇమిడి ఉందో తెలుగు తెలిసిన వారికి విప్పి చెప్పనక్కరలేదు. ఇన్నేళ్లలో ఒక్క ప్రతివాదిని కూడా "ఈ సంగతి మీ ఆవిడకు తెలుసా?" అని ఎవరూ అడగగా నేను వినలేదు. ఉద్యోగం ఆమెది, ఫిర్యాదు ఆమెది, సంతకం ఆమెది. ఇంకొకరి అనుమతి ఉందా అని అడగడంలోనే, ఆడమనిషి ఉద్యోగంలో కూడా ఎవరి తాలూకో అయి ఉండాలన్న మూస ఉంది.

దాని వెనకే వచ్చే రెండో ప్రశ్న "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నది. ఘటన జరిగిన, లేదా వరుస ఘటనలైతే చివరిది జరిగిన నాటినుంచి మూడు నెలలు చట్టమే గడువిచ్చింది. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించే అధికారం మన కమిటీకే ఇచ్చింది. ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గరపడిన రోజుల్లో, ప్రొబేషన్ ముగియని రోజుల్లో, పైఅధికారి మీద ఎవరు మాత్రం మర్నాడే కాగితం పెడతారు? మనలో ఎంతమంది పెట్టాం?

ఒక విచారణ మధ్యలో, సాక్షి కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఒక సీనియర్ సభ్యుడు నిట్టూర్చి, "ముల్లు పోయి అరిటాకు మీద పడ్డా, అరిటాకు పోయి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే కదండీ" అన్నారు. మిగతావాళ్లం తలలూపాం. నేనూ ఊపాను. చెడ్డ ఉద్దేశంతో అన్నారని కాదు. ఆయన స్వరంలో జాలే ఉంది. కాని ఆ సామెత ప్రకారం చూస్తే ఇక మన కమిటీకి తేల్చడానికి మిగిలేదేమిటి? ఎవరు ఎవరి మీద పడ్డారన్నది అనవసరం, చిరగకుండా చూసుకోవలసిన బాధ్యత ఆకుదే. ముల్లును ఎవరూ ఏమీ అడగరు, ముల్లు స్వభావం గుచ్చడం. ఇందులో మగవాడికీ గౌరవమేమీ లేదు, అతడు తన చేతిని అదుపులో పెట్టుకోగల మనిషి అన్న కనీసపు నమ్మకం కూడా ఆ సామెతకు లేదు.

వరసల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. "నేను ఆమెను చెల్లెలిలా చూశానండీ" అన్నది నేను అతి తరచుగా విన్న సమర్థన. దాని మీద కమిటీ సభ్యులు మెత్తబడటమూ చూశాను. "అన్నయ్యా అని పిలిచి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు" అని ఫిర్యాదుదారుకు సలహా ఇచ్చినవారూ ఉన్నారు. 2020లో మధ్యప్రదేశ్ హైకోర్టు లైంగిక దాడి కేసులో ఒక నిందితుడికి బెయిలిస్తూ, బాధితురాలి ఇంటికి వెళ్లి రాఖీ కట్టించుకోవాలని షరతు పెట్టింది. అపర్ణా భట్ కేసులో సుప్రీంకోర్టు 2021 మార్చి 18న ఆ షరతును కొట్టివేసి, ఆడవారి మీద ఉన్న మూస అభిప్రాయాలు న్యాయస్థానాల ఉత్తర్వుల్లో కనిపించరాదని వివరంగా నిర్దేశించింది. వరస కలుపుకోవడం మనకు అందమైన అలవాటే, కాదనను. ఆటో డ్రైవరును బాబూ అంటాం, కూరగాయలామెను అమ్మా అంటాం. కాని ఆఫీసులో గౌరవంగా ఉండటానికి ఆమె ఎవరికో చెల్లెలు కానక్కరలేదు. అన్నట్టు, మా తరం అధ్యక్షురాళ్లం "తల్లీ" అంటూ మొదలుపెట్టే వాక్యాల చివర తరచుగా ఫిర్యాదు మానుకొమ్మనే సలహాయే ఉంటుంది, నాది అలాగే ఉంది చూశారుగా.

ఆ మాటకొస్తే, కమిటీలో సగానికి తగ్గకుండా మహిళలు ఉండాలని, అధ్యక్షత సీనియర్ మహిళా ఉద్యోగికే ఇవ్వాలని చట్టం పెట్టింది. దానితో మూస భావాల బెడద తీరిపోయిందనుకోవడం పొరపాటు. "మా రోజుల్లో ఇంతకంటే ఎక్కువే చూశాం, సర్దుకుపోయాం" అన్న మాట నేను మగ సభ్యుల నోట విన్నది తక్కువ, ఆడవారి నోట విన్నది ఎక్కువ. మనం సర్దుకుపోయాం నిజమే. బస్సుల్లో సర్దుకున్నాం, ట్రాన్స్‌ఫర్లలో సర్దుకున్నాం, నెలల పసివాళ్లను అత్తగారికి అప్పజెప్పి ట్రైనింగులకు వెళ్లాం. దాన్ని కొలబద్దగా చేసి ఇరవై నాలుగేళ్ల పిల్ల ముందు పెట్టడం అన్యాయం.

ఇంకొక విచారణ గురించి రాయాలి. పారిశ్రామిక వాడలోని ఒక యూనిట్‌లో కాంట్రాక్టు మీద హౌస్‌కీపింగ్ పని చేసే ఆవిడ తన సూపర్‌వైజర్ మీద ఫిర్యాదు చేసింది. విచారణ జరిగిన గది ఆమె రోజూ తుడిచే గదే. కుర్చీ చూపించి కూర్చోమంటే, "పర్లేదు మేడమ్‌గారూ, నిల్సునే సెప్తాను" అంది. పట్టుబట్టి కూర్చోబెడితే కుర్చీ కొసన కూర్చుంది; మాట్లాడుతున్నంతసేపూ బల్ల మీద ఎవరో పెట్టిన టీ కప్పు చేసిన గుండ్రటి మరకనే చూస్తోంది, చేతిలో గుడ్డ లేదన్నట్టు. "ఆయన పేరు సెప్తే రేపట్నుంచి గేటుకాడ నా కార్డు పన్జెయ్యదు" అని రెండుసార్లు అంది. ఆమె బయటికి వెళ్లిన తరువాత ఒక సభ్యుడు నావైపు వంగి, "వీళ్లలో ఇవన్నీ మామూలే మేడమ్, ఏదో డబ్బు గొడవై ఉంటుంది" అన్నారు. భటేరి నాకు గుర్తుకు వచ్చింది ఆ గదిలోనే. చట్టంలోని 'ఉద్యోగి' అన్న నిర్వచనంలో కాంట్రాక్టు కార్మికులు, దినకూలీలు, అప్రెంటిస్‌లు, శిక్షణలో ఉన్నవారు అందరూ ఉన్నారు. ఆమె పేరు మీ జీతాల పట్టీలో లేకపోవచ్చు, మీ కమిటీ ముందుకు వచ్చే హక్కు మాత్రం ఉంది. ఆ విచారణ సక్రమంగానే పూర్తయి సూపర్‌వైజర్ మీద చర్య తీసుకున్నారు. ఆ సభ్యుడి మాట మాత్రం మినిట్స్‌కు ఎక్కలేదు. ఎక్కించాలని నేను పట్టుబట్టనూ లేదు.

బయట జరుగుతున్న చర్చ మీ దాకా వస్తూనే ఉంటుంది. ఎక్కడ ఏ ఫిర్యాదు వార్త వచ్చినా రెండు మాటలు వెంటనే వినిపిస్తాయి. ఒకటి, అబద్ధపు ఫిర్యాదులు పెరిగిపోయాయని. రెండు, ఇలాగైతే ఆడవాళ్లను ఉద్యోగంలోకి తీసుకోవాలంటేనే భయమేస్తుందని. మొదటిదానికి చట్టంలోనే జవాబుంది. దురుద్దేశంతో, అబద్ధమని తెలిసీ ఫిర్యాదు చేశారని విచారణలో తేలితే చర్య తీసుకోవచ్చని 14వ సెక్షన్ చెబుతుంది. కేవలం నిరూపించలేకపోయినంత మాత్రాన ఆ చర్య తీసుకోనక్కరలేదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. నిరూపించలేకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. తలుపు వేసి ఉన్న గదిలో జరిగినదానికి సాక్షిని తీసుకురాలేకపోయిన మనిషిని అబద్ధాలకోరుగా లెక్కవేయడం ఏ లెక్కలోనూ కుదరదు. ప్రతివాదికి తన మాట చెప్పుకునే అవకాశం పూర్తిగా ఇవ్వాలన్న విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. గోవా విశ్వవిద్యాలయానికి సంబంధించిన ఆరేలియానో ఫెర్నాండెజ్ కేసులో కమిటీ హడావిడిగా విచారణ ముగించి, ఆయన వాదనకు తగిన అవకాశం ఇవ్వలేదన్న కారణంతో సుప్రీంకోర్టు 2023 మే 12న ఆయన తొలగింపును పక్కనపెట్టి, మళ్లీ విచారించమంది. అదే తీర్పులో దేశవ్యాప్తంగా ఈ చట్టం అమలు ఎంత అధ్వానంగా ఉందో కూడా ఎత్తిచూపింది. "మగాళ్లంతా ఇంతే" అని ముందే తేల్చుకుని కూర్చునే సభ్యురాలు కూడా మూసలోనే ఆలోచిస్తోంది. ఆమె రాసిన నివేదిక అప్పీలులో నిలవదు, నష్టపోయేది ఫిర్యాదుదారే.

రెండో మాట నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది, ఎందుకంటే అది రక్షణ రూపంలో వస్తుంది. 2025లో మన రాష్ట్రంలో మహిళలు రాత్రి షిఫ్టుల్లో పనిచేయడానికి వీలుగా చట్టసవరణలు చేపట్టినప్పుడు, కార్మిక సంఘాలు పని గంటల మీద లేవనెత్తిన అభ్యంతరాలు ఒక ఎత్తు, "అర్ధరాత్రి ఆడవాళ్లకు ఉద్యోగాలేమిటి" అన్న గొణుగుడు ఇంకో ఎత్తు. ఆడది తిరిగి చెడింది, మగవాడు తిరగక చెడ్డాడని మనకు ఉండనే ఉంది సామెత. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లో, నగరంలోని ప్రతి నర్సింగ్ హోమ్‌లో రాత్రంతా మేలుకునే నర్సులను ఆ సామెత ఎన్నడూ ఆపలేదన్నది వేరే సంగతి. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న వైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన తరువాత పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం మహిళలకు వీలైనంతవరకు రాత్రి డ్యూటీ తప్పించాలని సూచిస్తే, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. భద్రత కల్పించడం మీ పని, పని మాన్పించడం కాదంది. బార్లలో మహిళలను నియమించరాదన్న పాత పంజాబ్ చట్టంలోని నిబంధనను 2007లోనే, అనుజ్ గర్గ్ కేసులో, ఇదే తరహా కారణాలతో కొట్టివేసింది. మన కమిటీల్లోనూ ఈ రక్షణ చిన్న రూపంలో కనిపిస్తుంది. ఫిర్యాదు రాగానే ఆమెను ఆ షిఫ్టు నుంచి తీసి, వెనక గదిలో కాగితాల పనికి వేస్తారు. విచారణ సాగినంతకాలం బదిలీ కోరే వీలును 12వ సెక్షన్ ఇచ్చింది; కాని అది ఆమె రాతపూర్వకంగా కోరితే, ఆమెనైనా ప్రతివాదినైనా మార్చవచ్చని. మనం ఎవరిని మారుస్తున్నాం? నేను చూసినంతలో, పదింట తొమ్మిదిసార్లు ఆమెనే. ఆమె ఖాళీ చేసిన కుర్చీ చూసి మిగతా అమ్మాయిలు నేర్చుకునే పాఠం గోడ మీది నోటీసు కంటే గట్టిది.

మగ ఉద్యోగులు కూడా ఇబ్బంది పడతారు కదా అని అడిగేవారున్నారు. పడతారు. తన పైఅధికారి తీరు గురించి చెప్పుకోబోయిన ఒక కుర్రవాడిని హెచ్‌ఆర్‌లో "అదృష్టవంతుడివి" అని నవ్వి పంపేశారట. ఈ చట్టం మహిళలకే వర్తిస్తుంది. అయినా ఆ అబ్బాయికి మీ సంస్థ సర్వీసు నిబంధనల కింద న్యాయం చేయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. మగవాడికి అవమానం ఉండదనుకోవడం కూడా అదే కొలిమిలో తయారైన మూస.

ఇప్పుడు నా విన్నపాలు. విచారణ మొదలుకాకముందే, ఏ తేదీన, ఏ చోట, ఏ పని జరిగిందన్న ఆరోపణ మీద విచారిస్తున్నారో ఒక కాగితం మీద రాసుకుని బల్ల మధ్యలో పెట్టుకోండి. ఎవరైనా ప్రశ్న అడగబోయే ముందు అది ఆ కాగితానికి చెందుతుందా, అదే ప్రశ్న ప్రతివాదిని కూడా అడుగుతామా అని చూసుకోండి. మినిట్స్‌లో జవాబులతోపాటు ప్రశ్నలను కూడా, అడిగినవారి పేరుతో, ఉన్నవి ఉన్నట్టు రాయించండి. ఈ ఒక్క పనిని రెండు సంస్థల్లో ఒప్పించగలిగాను. తన ప్రశ్న తన పేరుతో కాగితం మీదకు ఎక్కుతుందని తెలిసిన సభ్యులు అడగబోయి ఆగిపోవడం నా కళ్లతో చూశాను. నివేదికల భాష కూడా చూడండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు జెండర్ మూసల మీద విడుదల చేసిన చేతిపుస్తకం, న్యాయమూర్తులు 'ఈవ్ టీజింగ్' వంటి మాటలు మాని, వీధిలో లైంగిక వేధింపు అని జరిగినదానికి అసలు పేరు పెట్టాలంటుంది. మన నివేదికల్లో ఇంకా 'చనువు తీసుకున్నారు', 'హద్దు మీరి పరాచికాలాడారు' అనే రాస్తున్నాం. చివర్లో 'ఫిర్యాదుదారు ఇకమీదట తగు జాగ్రత్త వహించవలసిందిగా సూచించడమైనది' అని ఒక వాక్యం అతికించే ఆచారం ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, దయచేసి కొట్టేయండి. బయటి సభ్యురాలిని సంతకాల రోజున కాక మొదటి రోజునే పిలవండి.

మీ పరిధిలోకి రానివారు కూడా మీ దగ్గరికే వస్తారు, ఎందుకంటే వారికి తెలిసిన కమిటీ మీదే. జగదాంబ దగ్గర బట్టల దుకాణంలో, పూర్ణా మార్కెట్ గోడౌన్‌లో, నలుగురే పనిచేసే క్లినిక్‌లో ఉన్నవారికి, ఇళ్లలో పనిచేసేవారికి ఇంటర్నల్ కమిటీ ఉండదు. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు, జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లాలి. 2022 ఏప్రిల్ 4న పాత జిల్లా మూడుగా విడిపోయింది కనుక గాజువాకలో కాపురముంటూ అచ్యుతాపురంలోనో పరవాడలోనో పనిచేసే ఆమె వెళ్లవలసింది అనకాపల్లి జిల్లా కమిటీకి. ఈ సంగతి తెలియక కలెక్టరేట్ మెట్ల మీద ఒక పూట జీతం పోగొట్టుకుని తిరిగి వెళ్లినామెను నేను ఎరుగుదును. కేంద్ర ప్రభుత్వ షీ-బాక్స్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద రాసి ఇవ్వండి, 'మాకు సంబంధం లేదు' అన్నంతలో ఆపకండి.

ఆఖరుగా నోటీసు బోర్డు. కమిటీ సభ్యుల వివరాలు, వేధింపులకు పడే శిక్షలు అందరికీ కనబడే చోట పెట్టాలని 19వ సెక్షన్ అంటోంది. చాలాచోట్ల ఆ కాగితం ఇంగ్లీషులో, లామినేషన్ చేసి, హెచ్‌ఆర్ గది బయట ఉంటుంది. హౌస్‌కీపింగ్ ఆవిడ రోజూ దాని అద్దం తుడుస్తుంది, చదవలేదు. ఒక కంపెనీలో అయితే రెండేళ్ల కిందట చెన్నైకి బదిలీ అయిపోయిన అధ్యక్షురాలి ఫోన్ నంబరే ఇంకా ఉంది. ఈ వారంలో ఒకసారి వెళ్లి మీ బోర్డు చూడండి. తెలుగులో రాయించి క్యాంటీన్ దగ్గర, గేటు దగ్గర, ఆడవాళ్ల బాత్రూమ్ తలుపు లోపలివైపు అంటించండి. ఒంటరిగా నిలబడి చదువుకోగల చోటు అదొక్కటే.

రాయడానికో, కొత్త సభ్యులకు శిక్షణ ఇవ్వడానికో మనిషి కావాలంటే పిలవండి, వస్తాను. 2013 నిబంధనల ప్రకారం బయటి సభ్యులకు రోజుకు 200 రూపాయల భత్యం ఉంది. అది కూడా వద్దు. ఆటో ఖర్చు నేనే పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు అధికారిణి,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం